అండీ లేని అర్జీ

ఏలూరు కలెక్టరాఫీసు వీధిలో, ఒక జెరాక్స్ కొట్టు వరండాలో రబియా టైపు మిషను ముందు కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఆమె వెనక గోడకి ఒక బోర్డు ఉండేది. "ఇంగ్లీషు అర్జీలు తప్పుల్లేకుండా టైపు చేయబడును." ఆ 'తప్పుల్లేకుండా' అన్న మాటని పెయింటరు చిన్నగా రాస్తే ఆమె ఒప్పుకోలేదు. చెరిపించి, మిగతా అక్షరాలకంటే లావుగా రాయించుకుంది. అతిశయమా అంటే అతిశయమే. కానీ ఆ వీధిలో దాన్ని కాదనగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె తండ్రి బాషా తివాచీ నేతగాడు. చిన్నప్పుడు ఆయన పక్కన మగ్గం ముందు కూర్చుని రబియా కూడా ఉన్నితో ముడులు వేసింది. రోజు పని అయ్యాక ఆయన తివాచీని పైనుంచి చూసేవాడు కాదు, తిరగేసి వెనకవైపు చూసేవాడు. ముడి తప్పితే తెలిసేది అక్కడే. పదో తరగతి అయ్యాక ఆయనే కూతుర్ని టైపు ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళి, "దీని వేళ్ళు బాగా ఆడతాయండీ, పనికొస్తాయేమో చూడండి" అని అప్పగించాడు. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ఫస్టుక్లాసులో పాసైంది. గడియారాలు బాగుచేసే ఫారూఖ్‌తో పెళ్ళయినా, కంప్యూటర్లు వచ్చి పక్క కొట్లన్నీ మారిపోయినా ఆమె మాత్రం మిషను వదల్లేదు. కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటరు కొట్లవాళ్ళు విసనకర్రలు ఊపుకుంటూంటే, టకటకమని కొడుతూ వాళ్ళకేసి ఒక చూపు చూసేది. ఆ చూపు కోసమే వదల్లేదని ఫారూఖ్ అనేవాడు.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది, అంటే రెండువేల ఆరులో, ఆమెకి తల ఎత్తే తీరిక లేకపోయింది. మండవల్లి నుంచీ, చుట్టుపక్కల లంకల నుంచీ జనం అర్జీల కోసం వరండా నిండా ఉండేవారు. వాళ్ళు గోలగోలగా చెప్పినదాన్ని ఆమె నాలుగు ముక్కల ఇంగ్లీషులోకి మార్చి, కింద వేలిముద్రకి చోటు వదిలేది. పక్కనే అట్ట ఊడిపోతే గుడ్డ అంటించుకున్న డిక్షనరీ. అందులో లేని మాట ఆమె వాడదు. అందులో ఉన్న మాట వాడితే ఆమెకి ఎదురులేదు. పాపం, అలా అనుకునేది.

ఆ శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున్నే సుందరమ్మగారు వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే గోవిందరాజులుగారి భార్య, అరవై దగ్గర పడిన మనిషి. చేతిలో పసుపు కుంకుమలు, తమలపాకులు, శనగలున్న బుట్ట. మొహం కందగడ్డలా ఉంది. ఏలూరులో ఆడపడుచు ఇంటికి పేరంటానికి వచ్చిందట. బస్సు దిగి పేరంటానికి వెళ్ళలేదు, నేరుగా ఇక్కడికి వచ్చింది.

"ఏవండీ, ఒక అర్జీ కొట్టాలండీ. ఇంగ్లీషులో. తెలుగులో రాస్తే డిపోలో ఎవరూ చూడరంట."

"కూర్చోండి పిన్నిగారూ. ఏం జరిగిందో చెప్పండి."

జరిగింది ఇదీ. సుందరమ్మ తన పక్క సీటులో బుట్ట పెట్టుకుంది. ఉంగుటూరులో నెత్తిన మూటతో ఒక ముసలామె ఎక్కింది. కండక్టరు వచ్చి, "ఏమ్మా, ఆ బుట్ట తీసి కింద పెట్టుకో. నీ బుట్టకేవన్నా టిక్కెట్టు తీసుకున్నావా?" అన్నాడు. బస్సంతా గొల్లుమని నవ్వింది. పసుపు కుంకుమలున్న బుట్ట కాళ్ళ దగ్గర పెట్టలేక, ఆవిడ ఏలూరు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బుట్ట తియ్యమంటే తీస్తానండీ, ఆ మాత్రం తెలీదా నాకు? తియ్యండి అనొచ్చు కదా! మీరు అనొచ్చు కదా! వయసుకైనా విలువ ఇవ్వక్కర్లేదా? నా మొగుడు కూడా నలుగురిలో నన్ను ఏవండీ అంటాడు. వీడు నువ్వంటాడా!"

మన గోదావరి జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. పక్కింటివాళ్ళ పిల్లిని కూడా అండీ అనకుండా తోలడానికి ఆలోచించే చోట, నిండు బస్సులో ఒక పెద్దావిడకి అండీ ఎగ్గొట్టడమంటే చెంప మీద కొట్టినట్టే. రబియాకీ అలాగే అనిపించింది. పైగా ఆ కండక్టరు ఎవరో, ఏ కులంవాడో కనుక్కున్నాక సుందరమ్మగారి కోపం ఇంకొంచెం పెరిగిందేమోనని కూడా అనిపించింది. కానీ ఆ మాట పైకి అడగలేదు.

'నాతో మర్యాదగా ప్రవర్తించలేదు' అన్నదాన్ని ఇంగ్లీషు చెయ్యాలి. ప్రవర్తించడం అంటే బిహేవ్. బాగా ప్రవర్తించకపోవడం అంటే మిస్‌బిహేవ్. అనుమానం దేనికని డిక్షనరీ కూడా తిప్పింది. చెడ్డగా ప్రవర్తించుట, మర్యాద తప్పుట అని శుభ్రంగా ఉంది. ఇంకేం, వేళ్ళు పరిగెత్తాయి. "ద కండక్టర్ మిస్‌బిహేవ్డ్ విత్ మి ఇన్ ద రన్నింగ్ బస్." చివర్లో ఆ రన్నింగ్ బస్ ఊరికే పెట్టింది, వాక్యం నిండుగా ఉంటుందని.

సుందరమ్మగారు తెలుగులో సంతకం పెట్టి, కాయితం పోస్టులో వేసి, చల్లబడి పేరంటానికి వెళ్ళిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం మండవల్లి నుంచి నిర్మల అనే ఆమె వచ్చింది. చేపల ప్యాకింగు పనికి వెళ్ళే మనిషి, చేతివేళ్ళు ఐసుకి పగిలి ఉన్నాయి. ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాయితాలు తీసింది.

"మేడంగారండీ, మా ఆయన కృపావరం, బస్సు కండక్టరండి. సస్పెండు చేసేరండి. గురువారం ఎంక్వయిరీ అంట. ఆయన అలాంటోడు కాదని ఇంగ్లీషులో ఒక కాయితం కొట్టిపెట్టండి."

పై కాయితం డిపో ఇచ్చిన తెలుగు నోటీసు. 'నడుస్తున్న బస్సులో ప్రయాణీకురాలితో అసభ్యంగా ప్రవర్తించినందుకు' అని ఉంది. రబియా నొసలు ముడిచి, "ఎవరితోనమ్మా?" అంది.

"ఎవరో గూడెం ఆవిడంటండి. మా అత్తగారి వయసంటండి. నేను అడగలేదండి, ఆయనే చెప్పేరు. బుట్ట తియ్యమన్నానే, అంతేనే అని ఏడుస్తున్నారండి. చర్చిలో మా బెంచీలో ఎవరూ కూర్చోట్లేదండి. మా అమ్మాయి అదే బస్సులో కాలేజీకి వెళ్ళాలి. అది మానేసిందండి. ఉద్యోగం పోతే కూలికెళ్ళి బతుకుతాం. ఈ మాట పడి ఎలా బతుకుతామండి?"

రెండో కాయితం ఫిర్యాదు జెరాక్సు. దాన్ని చదవక్కర్లేకుండానే రబియా గుర్తుపట్టింది. ఆమె మిషనులో చిన్న 'బి' అక్షరం గీత మీద నిలవదు, కొంచెం పైకి ఎగిరి కూర్చుంటుంది. రిపేరు చేయిద్దామనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేసింది. ఇప్పుడు మిస్‌బిహేవ్డ్ అన్న మాట మధ్యలో ఆ 'బి' తల ఎత్తి ఆమెకేసే చూస్తోంది.

ఎలా జరిగిందో ఆ ఒక్క క్షణంలో అర్థమైంది. మర్యాదగా మాట్లాడలేదన్న తెలుగుని తను ఇంగ్లీషు చేసింది. ఆ ఇంగ్లీషుని డిపో గుమాస్తా మళ్ళీ తెలుగు చేశాడు. వెళ్ళినప్పుడు అండీ లేకపోవడం. తిరిగొచ్చేసరికి అసభ్యం. గుమాస్తాని తప్పుపట్టడానికి లేదు. మన ఊళ్ళో ఆడది నోరు తెరిచి 'మిస్ బిహేవ్ చేశాడు' అన్నదంటే దానికి ఒకటే అర్థం. ఆ మాట రబియా వెయ్యిసార్లు విన్నది. కానీ మిషను ముందు కూర్చున్నప్పుడు చెవులు మూసుకుని డిక్షనరీ తెరిచింది.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. అడిగిన కాయితం కొట్టిచ్చి పంపేయొచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, వచ్చినందుకు ఆమెకి సిగ్గేసింది.

"అమ్మా నిర్మలా, ఆ ఫిర్యాదు కొట్టింది నేనే. ఆవిడ చెప్పింది వేరు, నేను రాసిన మాట వేరు. తప్పు నాది."

 నిర్మల గోడమీది బోర్డుకేసి చూసి, గొంతు పెంచకుండా అంది. "మరి తప్పుల్లేకుండా అని బోర్డు పెట్టేరు కదండీ."

తిట్టినా బాగుండేది. ఆ చివర ఉన్న అండీ రబియాని నిలువునా కోసేసింది.

"గురువారం నేను వస్తాను. మీ ఆయన మీద పడ్డ మాట నేనే తీయిస్తాను. వెళ్ళి అన్నం తినమని చెప్పు" అంది. ఎలా తీయిస్తుందో అప్పటికి ఆమెకీ తెలీదు. కానీ తీయిస్తానన్నాక తీయించకపోవడం రబియాకి అలవాటు లేదు.

ఇంటికెళ్ళి ఫారూఖ్‌కి చెబితే, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "అందరిముందూ ఒప్పుకుంటే రేపణ్నించి నీ దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు.

"ఒప్పుకోకపోతే నా దగ్గరికి ఎవరైనా ఎందుకు రావాలి?" అంది రబియా. ఆయన మళ్ళీ గడియారం మీదికి వంగాడు.

బుధవారం తాడేపల్లిగూడెం వెళ్ళింది. సుందరమ్మగారు వాకిట్లోనే అందుకుంది. "చూశారాండీ, వాడు చేసిన పని! బస్సులో మీ ఆవిడకి ఏదో జరిగిందంట కదా అని మార్కెట్లో మా ఆయన్ని అడుగుతున్నారంట. వాడే ఊరంతా చెప్పుకుంటున్నాడు."

"వాడు కాదు పిన్నిగారూ. మీ అర్జీ చెబుతోంది. అందులో నేను రాసిన మాటకి అర్థం అదైంది."

విషయం వివరంగా చెప్పేసరికి సుందరమ్మగారు కూలబడింది. ముందు సిగ్గుపడింది, తర్వాత మండిపడింది. చదువుకున్నదానివని నమ్మి వచ్చానే అంది. నా వయసేంటి, నా మీద ఈ రాతేంటి అంది. రబియా అన్నీ పడింది. పడాల్సినవే.

"సరే, ఆ అర్జీ వెనక్కి తీసేసుకుంటానండీ. ఒక కాయితం రాయండి, సంతకం పెడతాను. నేను మాత్రం అక్కడికి రాను. నలుగురు మగాళ్ళ ముందు నిలబడి ఏమని చెప్పను?"

"వెనక్కి తీసుకుంటే ఇంకా అన్యాయమండీ. ఏదో జరిగింది, డబ్బిచ్చి సర్దుకున్నారంటారు. ఆయన బతుకంతా ఆ మాట మోస్తాడు. మీరూ మోస్తారు. సర్దుకోవడం కాదు, జరగలేదని చెప్పాలి. మీరు పక్కన కూర్చోండి చాలు. మాట్లాడేది నేను."

లోపల్నించి గోవిందరాజులుగారు కండువా సర్దుకుంటూ వచ్చి, "వెళ్ళు సుందరం. నేనూ వస్తాను" అన్నాడు. ఆ ఇంట్లో అంతకుమించి చర్చ జరగలేదు.

గురువారం డిపోలో ఎంక్వయిరీ చేసింది హనుమంతరావు అనే ఆఫీసరు. ముక్కుమీద కళ్ళజోడు, ముందు ఫైలు. ఒక పక్క గుమాస్తా. కృపావరం ఖాకీ చొక్కా లేకుండా తెల్లచొక్కాతో గోడకి ఆనుకుని ఉన్నాడు. టిక్కెట్ల మిషను పట్టీ లేక ఆ భుజం ఒక పక్కకి ఒరిగినట్టుంది. సుందరమ్మగారు భర్త పక్కన తలవంచుకుని కూర్చుంది. నిర్మల గుమ్మం బయటే ఉండిపోయింది.

రబియా నిలబడి చెప్పింది. ఆవిడ తెలుగులో ఏమన్నదో, తను ఇంగ్లీషులో ఏం కొట్టిందో, రెంటికీ ఎంత దూరమో.

హనుమంతరావు డిక్షనరీ చూపించమన్నాడు. గుడ్డ అట్ట పుస్తకం తీసి పేజీ తెరిచి ఇచ్చింది. ఆయన చదివి, "మీరు రాసింది కరెక్టే కదమ్మా. మర్యాద తప్పుట అనే ఉంది. మరి తప్పు మీదంటారేంటి? ఇంగ్లీషు ఇంగ్లీషే కదా!" అన్నాడు. ఆ గొంతులో అనుమానం ఉంది. ఎవరో నేర్పి పంపారనుకుంటున్నాడు.

"పుస్తకంలో కరెక్టేనండీ. మన ఊళ్ళో కరెక్టు కాదు."

"ఊరికో అర్థం ఉంటుందా?"

"మీకు అమ్మాయి ఉందాండీ?"

"ఉంది. డిగ్రీ చదువుతోంది."

"సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికొచ్చి, నాన్నా, బస్సులో కండక్టరు మిస్ బిహేవ్ చేశాడు అన్నదనుకోండి. మీరు డిక్షనరీ తీస్తారాండీ, కర్ర తీస్తారాండీ?"

 హనుమంతరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"కర్రే తీస్తానమ్మా" అన్నాడు.

"మీ గుమాస్తాగారూ అదే చేసేరండి. ఆయనకీ తెలిసిన అర్థం అదే. నాకూ తెలుసు. తెలిసి కూడా పుస్తకం మాట విన్నాను. అందుకే తప్పు నాదంటున్నాను. అంతకంటే ఏం లేదండీ."

హనుమంతరావు సుందరమ్మగారి వైపు తిరిగి, "అమ్మా, మీరు చెప్పండి. ఆయన మిమ్మల్ని ఏం చేశాడు?" అన్నాడు.

ఆవిడ రాత్రంతా భయపడిన ప్రశ్న అదే. కానీ తల ఎత్తేసరికి ఆవిడకి భయం పోయి పాత కోపమే వచ్చింది. "నన్ను నువ్వన్నాడండీ! అండీ అనలేదండీ! అంతకంటే ఏం చెయ్యలేదు. చెయ్యడానికి నేనేం పడుచుపిల్లనా?"

గుమాస్తా నవ్వాపుకోలేక ఫైల్లో మొహం దాచుకున్నాడు. కృపావరం మొదటిసారి నోరు తెరిచాడు.

"అమ్మా అన్నానండీ. అమ్మా అన్నాక నువ్వనే వచ్చేసిందండీ. మా అమ్మని నేను నువ్వనే అంటాను."

"మా అబ్బాయీ నన్ను నువ్వనే అంటాడయ్యా. కానీ నలుగురిచేతా నవ్వించడు."

కృపావరం తల దించుకున్నాడు. "టిక్కెట్టు మాట అనకుండా ఉండాల్సిందండీ. అది తప్పే. దానికి ఏం వేసినా పడతాను. నోటీసులో ఉన్న ఆ మాట మాత్రం తీసెయ్యండి. అది పట్టుకుని ఇంటికెళ్ళలేను."

అది విని సుందరమ్మగారి కళ్ళు తడిశాయి. తను కోరింది ఒక్క అండీ. దానికి ఈ మనిషి ఇల్లంతా పోబోయింది.

సుందరమ్మగారి స్టేట్‌మెంటు ఇంగ్లీషులో కావాలన్నారు, పై ఆఫీసుకి వెళ్ళాలి కాబట్టి. రబియా ఆఫీసు మిషను ముందు కూర్చుంది. 'కండక్టరు నాతో మాట్లాడేటప్పుడు' అన్నదాకా కొట్టి ఆగిపోయింది. అండీకి ఇంగ్లీషు లేదు. సర్ కాదు, మేడమ్ కాదు, ప్లీజ్ అసలే కాదు. డిక్షనరీకేసి చెయ్యి వెళ్ళలేదు ఈసారి. ఆ చోట ఖాళీ వదిలి, మిగతా వాక్యం పూర్తి చేసింది. 'అన్న మాట వాడలేదు. అంతకుమించి ఏమీ జరగలేదు.' కాయితం తీసి సుందరమ్మగారికి పెన్ను ఇచ్చింది. ఆవిడ ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో 'అండీ' అని తెలుగులో రాసింది. హనుమంతరావు దాన్ని చాలాసేపు చూసి, కొట్టెయ్యకుండా సంతకం పెట్టాడు.

ఆదివారం చర్చిలో బెంచీ నిండిందని తర్వాత నిర్మల చెప్పింది.

ఫారూఖ్ భయపడినట్టు వరండా ఖాళీ అవలేదు. పది రోజులు పలచబడింది, అంతే. రబియా బోర్డు దింపించి ఒక లైను కలిపించింది. "చదివి వినిపించబడును." ఇప్పుడు ఏ అర్జీ కొట్టినా, తండ్రి తివాచీ తిరగేసినట్టు, ఇంగ్లీషుని మళ్ళీ తెలుగులోకి తిప్పి చదివి వినిపిస్తుంది. ఊ అంటేనే సంతకం. ఎక్కువసేపు పడుతోందని విసుక్కునేవాళ్ళని కంప్యూటరు కొట్టుకి వెళ్ళమంటుంది. 'తప్పుల్లేకుండా' అన్నది మాత్రం చెరపలేదు. ఇప్పుడే నిజమైందని అంటుంది.

నెల తర్వాత కృపావరం ఖాకీ చొక్కాతో వచ్చాడు. డ్యూటీలోకి తీసుకున్నారు. చేతిలో ఆర్డరు కాపీ. చివరి లైను మీద వేలు పెట్టాడు. "కండక్ట్: సాటిస్‌ఫాక్టరీ."

"దీనికి అర్థం ఏంటండీ? పుస్తకంలోది వద్దండీ. మన ఊళ్ళోది చెప్పండి."

రబియా ఆ లైను రెండుసార్లు చదివింది. తృప్తికరం అని చెప్పి పంపొచ్చు. పుస్తకం ఒప్పుకుంటుంది కూడా.

"ఫర్వాలేదు అని అర్థమండీ" అంది.

"మంచోడని కాదాండీ?"

"కాదండీ."

కృపావరం కాయితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. "కూర్చోండి" అంది రబియా. "పదహారేళ్ళ సర్వీసులో మీ మీద ఇంకో కంప్లైంటు లేదని ఇందులోనే ఉంది. ఫర్వాలేదు ఎందుకవుతుంది? మార్చమని రాద్దాం."

కాయితం ఎక్కించి కొట్టింది. 'బి' ఈసారి గీత మీదే నిలిచింది. మొన్ననే బాగుచేయించింది. అయిపోయాక కాయితం తీసి, అలవాటు ప్రకారం తెలుగులోకి తిప్పి చదివింది. "కృపావరం గారి నడవడిక మంచిది. రిజిస్టరులో ఆ మాటే రాయవలసిందిగా కోరడమైనది."

కృపావరం ముందుకు వంగి కాయితంలోకి చూశాడు. "గారు అని కూడా కొట్టేరాండీ?"

"ఇంగ్లీషులో ఉండదండీ. నేను చదివేటప్పుడు పెట్టుకున్నాను."

అతను ఇంకోసారి చదవమన్నాడు. ఆమె మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఊ అన్నాడు. సంతకం పెట్టాడు.